కారు ఒంటిమీది చార

1969లో అమెరికాలోని ఫోర్డు కంపెనీ మస్టాంగ్ బాస్ 302 అనే కారును విడుదల చేసింది. అక్కడ ట్రాన్స్-ఆమ్ అనే కారు పందేలు జరిగేవి. వాటిలో దిగాలంటే అటువంటి కార్లనే కొన్నింటిని తయారుచేసి జనానికి కూడ అమ్మాలన్న నిబంధన ఉండేది. దానికోసం పుట్టిన బండి ఇది. లారీ షినోడా అనే రూపశిల్పి దాని ఒంటిమీద ఒక నల్లని చార గీశాడు. ముందు మడ్‌గార్డు మీద ఆంగ్లాక్షరం ‘సి’ వలె మలుపు తిరిగి, తలుపు మీదుగా వెనక్కి సాగే చార అది. మరుసటి ఏడాది, అనగా 1970లో, చార రూపం మారింది. బానెట్ మీద మొదలై, పక్కకు వంగి దిగి, కారు పొడుగునా వెనక్కి పోయింది. చూడటానికి హాకీ కర్ర వలె ఉంటుంది కాబట్టి దాన్ని ఆ పేరుతోనే పిలుస్తారు.

ఈ చార రంగు కాదు. చాలామంది రంగే అనుకొంటారు గాని, అది జిగురు పూసిన ప్లాస్టిక్ పొర. మామూలు మాటలో స్టిక్కరు.

రంగయితే గీసినవాడు పొరపాటు పడినా తుడిచి మళ్ళీ గీయవచ్చు. స్టిక్కరుతో ఆ వీలు లేదు. 50 ఏళ్ళు దాటిన కారును ఎంతో ఖర్చుపెట్టి బాగుచేయించి, కొత్తగా రంగు వేయించి, చివరగా చార అంటించడానికి కూర్చున్న మనిషి స్థితిని ఊహించండి. చేతిలో ఒకే జత చారలున్నాయి. ఒక్కొక్క ముక్క మీటరుకు పైగా పొడుగు. ఒక కొస తాకి అంటుకొన్న తరవాత రెండో కొస 5 మిల్లీమీటర్లు కిందికి దిగిందని తెలిస్తే చేసేది లేదు. లాగితే పొర సాగిపోతుంది. గట్టిగా లాగితే కింద ఉన్న కొత్త రంగు కూడ పెచ్చుగా లేచి రావచ్చు.

ఈ చిక్కుకు పనివారు కనిపెట్టిన ఉపాయం వింతగా ఉంటుంది. వాళ్ళు ముందుగా రేకు మీదా జిగురు మీదా సబ్బునీళ్ళు చల్లుతారు. జిగురు అంటాలంటే తడి లేకుండా చూడాలని చిన్నప్పటినుంచి మనం నేర్చుకొన్నది. ఇక్కడ జిగురును నిలువునా తడుపుతున్నారు. అయినా మరునాటికి అది గోటికి ఊడనంత గట్టిగా పట్టుకొంటుంది. ఇది ఎట్లా సాధ్యం? ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే చార అంటించే పనిలో ప్రతి మెట్టుకూ కారణం దానంతట అదే బోధపడుతుంది.

ముందు ఈ చార రంగుడబ్బా నుంచి స్టిక్కరులోకి ఎట్లా మారిందో కొంచెం చెప్పుకొందాం. గుర్రపుబండ్ల కాలం నుంచీ బండి పక్కన సన్నని గీతలు పొడుగాటి మెత్తని కుంచెతో చేతితోనే గీసేవారు. 1920లలో డ్యూకో అనే త్వరగా ఆరే రంగు వచ్చాక ఒకే కారుకు రెండు రంగులు వేయించడం వేడుకగా మారింది. ఒక రంగు మీదికి రెండోది రాకుండా ఆపటం పెయింటరుకు పెద్ద బాధ. వార్తాపత్రికలు అంటించి రంగు కొట్టేవారు. తీసేటప్పుడు వాటితో పాటు రంగూ ఊడివచ్చేది. నేడు త్రీఎం అని పిలిచే కంపెనీలో రిచర్డ్ డ్రూ అనే యువకుడు ఉండేవాడు. గరుకుకాగితం నమూనాలు తీసికొని అటువంటి షెడ్డుకు వెళ్ళి ఈ బాధ చూచాడు. ఫలితంగా 1925లో మాస్కింగ్ టేపు పుట్టింది. అంటుకోవాలి, అవసరం తీరాక ఊడాలి, వెనుక మరక వదలరాదు. జిగురుకు ఇన్ని షరతులు పెట్టడం అదే మొదలు అనకపోయినా, ఆ షరతులు కారు రంగు కోసమే వచ్చాయన్నది గుర్తుంచుకోదగ్గ విషయం.

మరుసటి ఏడాది, 1926లో, గుడ్రిచ్ రబ్బరు కంపెనీలో వాల్డో సెమన్ అనే రసాయనవేత్త రబ్బరును లోహానికి అంటించే జిగురు కోసం వెదుకుతున్నాడు. పాలీవినైల్ క్లోరైడ్ అనే పదార్థం అప్పటికి అర్ధశతాబ్దం కిందటే తెలుసు. బిరుసుగా ఉండి ఎందుకూ కొరగానిదని దాన్ని పక్కన పెట్టారు. సెమన్ దాన్ని తేలికగా ఆవిరికాని ద్రావణిలో వేడిచేసి చల్లార్చితే మెత్తగా, సాగే ముద్దగా తయారయింది. అతడు వెదికిన జిగురు దొరకలేదు. మెత్తని వినైలు దొరికింది. జిగురు వెదకబోయి దొరికిన పదార్థాన్నే ఇవాళ జిగురుతో లోహానికి అంటిస్తున్నాం! 1935లో లాస్ ఏంజెలెస్‌లో స్టాంటన్ ఎవరీ జిగురు చీటీలను వెనుక కాగితంతో సహా తయారుచేయడం మొదలుపెట్టాడు. టేపు, వినైలు, వెనుక కాగితం ఈ మూడూ కలిస్తే కారు చార తయారు.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం.

గోడకు సినిమా పోస్టరు అంటించే మైదా గంజి ఎట్లా పట్టుకొంటుంది? తడిగా ఉన్నప్పుడు కాగితపు పీచులోకీ గోడ గరుకులోకీ పారుతుంది. నీరు ఇంకిపోగానే గట్టిపడి రెంటినీ పట్టి ఉంచుతుంది. అనగా అది ద్రవంగా ప్రవేశించి ఘనంగా మారుతుంది. చార వెనుక ఉన్న జిగురు ఆ జాతి కాదు. ఎన్నేళ్ళయినా ఆరదు, గట్టిపడదు. ఆడవాళ్ళు పెట్టుకొనే స్టిక్కరు బొట్టు వెనుక ఉన్నదీ ఇటువంటిదే. రాత్రి తీసి అద్దానికి అంటించి, ఉదయం మళ్ళీ నుదుటికి పెట్టుకొంటారు. అది ఆరిపోయే జిగురయితే ఈ సదుపాయం ఉండేదా? దీనికి వేడి, నీరు, మరో రసాయనం ఏదీ అక్కరలేదు. వేలితో ఒత్తితే చాలు. అందుకే శాస్త్రజ్ఞులు దీన్ని ఒత్తిడికి అంటే జిగురు అంటారు. కారు చారలకు వాడేది ఎక్కువగా ఎక్రిలిక్ జాతి పాలిమర్. ఎండకు, వానకు అది రబ్బరు జిగురు కన్న బాగా తట్టుకొంటుంది.

ఈ జిగురులో రెండు స్వభావాలున్నాయి. మెల్లగా ఒత్తితే తేనె వలె పారుతుంది. తటాలున లాగితే రబ్బరు వలె బిగుసుకొంటుంది. రంగు ఎంత నున్నగా కనిపించినా సూక్ష్మదర్శిని కింద గుట్టలూ లోయలూ ఉంటాయి. జిగురు ఆ లోయలలోకి దిగి, అణువుకు అణువు ఎదురుపడేంత దగ్గరకు చేరాలి. అక్కడ పనిచేసేవి వాన్ డెర్ వాల్స్ బలాలు. అవి ప్రతి రెండు అణువుల మధ్యా ఉండేవే. కాని వాటి పరిధి చాల స్వల్పం, నానోమీటర్ల లెక్కలో ఉంటుంది. ఒక నానోమీటరు అంటే మిల్లీమీటరులో 10 లక్షలవ వంతు. అంత దగ్గరకు రావాలంటే జిగురు తగినంత మెత్తగా ఉండాలి. ఎంత మెత్తగా? 1960లలో కార్ల్ డాల్‌క్విస్ట్ అనే శాస్త్రజ్ఞుడు దీనికి ఒక హద్దు చెప్పాడు. స్థితిస్థాపక గుణకం సుమారు 1 నుంచి 3 లక్షల పాస్కళ్ళకు మించితే ఆ పదార్థం ముట్టుకొన్నప్పుడు జిగటగా ఉండదు. కారు టైరు రబ్బరు దీనికి పదింతలకు పైగా బిరుసు. అందుకే టైరును రేకుకు ఎంత ఒత్తినా అంటదు.

ఇందులోంచి ఒక ముఖ్యమైన సంగతి తేలుతున్నది. అంటుకోవడం ఒక్క క్షణంలో ముగిసే పని కాదు. తాకగానే గుట్టల శిఖరాలు మాత్రమే జిగురును అందుకొంటాయి. తరవాత గంటల తరబడి, కొన్నాళ్ళపాటు, జిగురు లోయలలోకి నెమ్మదిగా పారుతూ పట్టు పెంచుకొంటుంది. అయితే పొడి రేకు మీద ఆ మొదటి తాకిడికి వచ్చే పట్టే మన చెయ్యి సవరించుకోవడానికి వీలులేనంత గట్టిగా ఉంటుంది. మనకు కావలసినది ఆ మొదటి తాకిడిని వాయిదా వేయడం. సబ్బునీరు చేసే పని ఇదే.

రేకుకూ జిగురుకూ మధ్య నీటిపొర ఉన్నంతసేపు జిగురు రంగును తాకదు. ఒక మైక్రాన్ నీరున్నా, అది నానోమీటర్ల బలాలకు సముద్రం వంటిది. చార నీటి మీద పడవ వలె అటూ ఇటూ జరుగుతుంది. సరిగా కుదిరిందని తోచాక నీటిని గెంటివేస్తే అప్పుడు జిగురు తాకుతుంది. ఉత్త నీరు ఎందుకు పనికిరాదు? తామరాకు మీద నీటిబొట్టు గుండ్రంగా నిలుస్తుందని అందరికీ తెలుసు. నీటి తలతన్యత ఎక్కువ, మీటరుకు 72 మిల్లీన్యూటన్ల దరిదాపు. మెరుగుపెట్టిన రంగు మీదా జిగురు మీదా అది పరచుకోక బొట్లు బొట్లుగా విడిపోతుంది. బొట్టుకూ బొట్టుకూ మధ్య పొడిగా మిగిలిన చోట జిగురు పట్టేసుకొంటుంది. సబ్బు కలిస్తే తలతన్యత సగానికి, ఇంకా తక్కువకు పడిపోయి, నీరు పలచని పొరగా పరచుకొంటుంది. కుంకుడు రసం బట్టలోకి తేలికగా ఇంకిపోవడానికి కారణమూ ఇదే. మన ఊళ్ళలో స్టిక్కరు పనివారు షాంపూ నీళ్ళు వాడతారు; అదీ సబబే. కాని పాళ్ళు తప్పరాదు. లీటరు నీటికి నాలుగైదు చుక్కలు చాలు. సబ్బు అణువు ఒక కొస నీటిని, రెండో కొస నూనెజాతి పదార్థాన్ని కోరుతుంది. ఎక్కువైతే నీరు పోయాక కూడ అది జిగురుకూ రంగుకూ నడుమ తెరగా నిలుస్తుంది. అంచులు లేచే చారలు అనేకం ఈ అతిసబ్బు బాపతే అని నా అభిప్రాయం.

నీటిని గెంటే పనిముట్టును స్క్వీజీ అంటారు. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ పలక, ఒక అంచున ఉన్నిగుడ్డ తొడుగు. దీన్ని చార మధ్యనుంచి అంచులవైపు లాగుతారు. ఇక్కడొక సూత్రం జ్ఞాపకముంచుకోవాలి. పలచని సందులో పారే ద్రవం పరిమాణం ఆ సందు మందం యొక్క ఘనాన్ని బట్టి ఉంటుంది. మందం సగమైతే, అదే ఒత్తిడికి బయటకు వచ్చే నీరు 8వ వంతుకు తగ్గిపోతుంది. మందం పదోవంతుకు దిగితే వెయ్యో వంతే. కనుక మొదటి లాగుడుకు నీరు బుడబుడ బయటికి వస్తుంది. చూచేవారికి పని అయిపోయినట్లే ఉంటుంది. నిజానికి కష్టమంతా మిగిలినదానిలోనే ఉన్నది. రెండోసారి, మూడోసారి గట్టిగా, మెల్లగా లాగాలి. ఒక లాగుడు వెడల్పులో మూడోవంతు వెనుకటి లాగుడు మీద పడాలి. అప్పటికీ మిగిలే కాస్త తేమ పొరగుండా, అంచులగుండా కొన్ని రోజులపాటు ఆవిరై పోతుంది. ఎండాకాలంలో త్వరగా, చలికాలంలో ఆలస్యంగా పోతుంది.

అయితే నీటి పద్ధతి అన్ని పొరలకూ పనికిరాదు. ఈ మధ్య వస్తున్న కొన్ని పొరల జిగురులో గాలి పోయేందుకు సన్నని కాలువలు తీసి ఉంటాయి. వాటి కింద బుడగలు ఉండవు. అటువంటిదానిపై నీరు పోస్తే కాలువలు నిండి, గాలికి బదులు నీరే లోపల చిక్కుతుంది. అవి పొడిగానే అంటించాలి. పొర కొనేటప్పుడే దానితో వచ్చిన సూచనలు చదవడం మంచిది.

పొర సంగతి వచ్చింది కాబట్టి దాని జాతులను గురించి కూడ రెండు మాటలు. వినైలు పొరలు రెండు విధాల తయారవుతాయి. ముద్దను వేడి రోలర్ల నడుమ నలిపి, చపాతీ వలె సాగదీసి పలచన చేయడం మొదటిది. ఇది చవక. దీని మందం సుమారు 75 నుంచి 100 మైక్రాన్లు. ద్రవరూపంలో ఉన్నదాన్ని నున్నని కాగితం మీద పోసి కొలిమిలో ఎండబెట్టడం రెండోది. దీని మందం 50 మైక్రాన్ల దరిదాపు, అనగా మనిషి వెంట్రుక కన్న పలచన. మొదటిదానిలో పాలిమర్ గొలుసులు సాగదీసిన స్థితిలోనే చల్లారి బిగిసిపోతాయి. ఎండ తగిలి మెత్తబడినప్పుడల్లా పాత పొట్టి రూపానికి పోవాలని చూస్తాయి. అందువల్ల చార ఏళ్ళు గడిచేకొద్దీ కురచనై, అంచున జిగురు గీత బయటపడుతుంది. దానికి ధూళి అంటి నల్లని అంచు కట్టినట్లవుతుంది. పోతపోసిన పొరలో ఈ బిగువు ఉండదు. మడ్‌గార్డు వంపుల మీద కూడ అదే బాగా ఒదుగుతుంది. కారుకు పెట్టే ఖర్చులో పొరల ధరల తేడా ఎంతో కాదు. ఇక్కడ పొదుపు చేయడం తెలివైన పని అనిపించుకోదు.

బాస్ 302 చారలకు మరొక ప్రత్యేకత ఉన్నది. పగలు నల్లగా ఉండే ఆ చార రాత్రి ఎదుటి బండి దీపం పడితే తెల్లగా మెరుస్తుంది. మన రోడ్ల మీద లారీల వెనుక, ఆటోల మీద మెరిసే స్టిక్కర్లను అందరూ ‘రేడియం’ అంటారు. అవి అమ్మే దుకాణాలకు కూడ ఆ పేరే. వాటిలో రేడియం అణువు ఒక్కటైనా లేదు. ఒకప్పుడు గడియారాల ముళ్ళకు రేడియం కలిపిన రంగు పూసేవారు కాబట్టి, చీకట్లో మెరిసేదల్లా రేడియమే అన్న వాడుక వచ్చి ఉంటుంది. రేడియం రంగు చీకట్లో తనంతట తానే వెలుగుతుంది. ఈ పొరకు స్వంత వెలుగు లేదు. పడిన వెలుగును తిరిగి ఇవ్వగలదు, అంతే. పొరలో వెంట్రుక మందం కన్న పెద్దవి కాని గాజుగోళీలు లక్షల కొద్దీ పరచి ఉంటాయి. గాజు వక్రీభవన గుణకం తగినంత ఎక్కువగా, రమారమి 1.9 ఉంటే, గోళీలో దూరిన కిరణం దాని వెనుక గోడ దగ్గర కేంద్రీకరించి, అక్కడి అద్దపు పూతకు తగిలి, వచ్చిన దిక్కుకే తిరిగిపోతుంది. మామూలు అద్దం కిరణాన్ని మరోవైపుకు పంపుతుంది. ఇది మాత్రం దీపం ఉన్నచోటికే, అనగా ఆ బండి నడిపేవాని కంటివైపే పంపుతుంది. అంటించేవారికి ఇందువల్ల ఒక ఇబ్బంది కలదు. గాజుగోళీలున్న పొర మామూలు వినైలు వలె సాగదు. వంపు దగ్గర బలవంతంగా లాగితే పగుళ్ళు వేస్తుంది. రాత్రి దీపం పడినప్పుడు ఆ పగుళ్ళు నల్లని గీతలుగా బయటపడతాయి.

ఇప్పుడు కారు దగ్గరకు వెళదాం. పాత చార ఇంకా ఉంటే ముందు దాన్ని తీయాలి. వినైలుకు మెత్తదనం ఇచ్చేది పాలిమర్ గొలుసుల మధ్య చేరిన ఒక నూనెవంటి పదార్థం. అది ఏళ్ళ తరబడి ఎండకు బయటికి పోతుంది. మిగిలిన పొర సెమన్‌కు ముందరి వినైలు వలె బిరుసెక్కి, గోరు తగిలితే పెంకులుగా విరుగుతుంది. జుట్టు ఆరబెట్టుకొనే యంత్రంతో వెచ్చజేస్తే పొరా మెత్తబడుతుంది, జిగురూ పలచబడుతుంది. చెయ్యి ఓర్చుకోలేనంత వేడి అక్కరలేదు. పొరను వెనక్కి మడిచి మెల్లగా లాగాలి. ఇంతకు ముందు చెప్పిన రెండు స్వభావాలలో ‘పారే’ స్వభావాన్ని మనం ఇక్కడ వాడుకొంటున్నాం. వేగంగా లాగితే జిగురు రబ్బరై బిగుస్తుంది. మిగిలిన జిగురును తగిన ద్రావణితో తుడవాలి. పెయింటు థిన్నరు జోలికి మాత్రం పోవద్దు. పాత కార్ల లాకరు రంగును అది నిమిషంలో కరిగిస్తుంది.

చార తీసిన చోట రంగు ముదురుగా, చుట్టుపక్కల వెలిసి కనిపించవచ్చు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు రంగును విరుస్తాయి. చార కింద ఉన్న భాగం వాటినుంచి తప్పించుకొన్నది. ఈ నీడను కొందరు పాలిష్‌తో పోగొట్టడానికి తంటాలు పడతారు. తొందరపడకుండా ముందు దాని కొలతలు తీసికొనండి, ఫొటోలు తీయండి. కార్ఖానాలో చార ఎక్కడ ఉన్నదో చెప్పే నమ్మకమైన సాక్ష్యం అదే. కొత్త చార దాని మీదే కూర్చుంటే, నీడ కనబడనే కనబడదు.

కొత్తగా రంగు వేయించిన కారైతే మరో జాగ్రత్త ఉన్నది. రంగు పైకి ఆరినట్లున్నా లోపలి ద్రావణి ఆవిరి వారాల తరబడి వస్తూనే ఉంటుంది. గాలికి ఆరే రంగులకు నెలరోజులు ఆగమని సాధారణంగా చెబుతారు. ముందే అంటిస్తే ఆ ఆవిరికి దారిలేక చార కింద చిన్నచిన్న బుడగలు లేస్తాయి. అవి ఎన్నిసార్లు అణచినా మళ్ళీ వస్తాయి.

శుభ్రం చేయడంలో మైనం, సిలికోను పాలిష్‌లు మన ముఖ్య శత్రువులు. ఒక ద్రవం ఒక తలం మీద పరచుకోవాలంటే తలానికి ఉన్న శక్తి ద్రవపు తలతన్యత కన్న ఎక్కువగా ఉండాలి. సిలికోను పూసిన తలం శక్తి 20 మిల్లీన్యూటన్ల దరిదాపుకు పడిపోతుంది. దాని మీద నీరు పరచుకోదు, జిగురు అసలే పరచుకోదు. కారు మెరిసిపోవాలని క్రితం రోజు పాలిష్ పట్టించి, నేడు చార అంటదేమని విసుక్కోవడం న్యాయం కాదు. సబ్బుతో కడిగి, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాలు తడిపిన గుడ్డతో తుడిచి, అది ఆవిరయ్యే లోపే పొడిగుడ్డతో ఎత్తివేయాలి. ఆరనిస్తే కరిగిన మైనం తిరిగి అక్కడే పేరుకొంటుంది.

అంటించేటప్పుడు రేకు ఉష్ణోగ్రత 16 నుంచి 27 డిగ్రీల సెంటిగ్రేడు మధ్య ఉంటే మేలు. చలికి జిగురు డాల్‌క్విస్ట్ హద్దు దాటి బిరుసెక్కుతుంది. ఎండలో నిలిపిన నల్లకారు రేకు 60 డిగ్రీలకు పైగా కాగి, చల్లిన నీటిని చూస్తుండగానే ఆవిరి చేస్తుంది. వేసవిలో మన ప్రాంతంలో ఈ పని తెల్లవారుజామున, నీడపట్టున తప్ప సాధ్యం కాదు. ఉష్ణోగ్రతలోనే మరొక లెక్క కూడ ఉన్నది. ఉక్కు మీటరు పొడుగుకు 40 డిగ్రీల వేడికి సుమారు అర మిల్లీమీటరు వ్యాకోచిస్తుంది. వినైలు అంతే వేడికి దాదాపు 3 మిల్లీమీటర్లు పెరగాలని చూస్తుంది. ఈ తేడాను భరించేది జిగురే. పొర పలచగా ఉండబట్టి దాని బలం తక్కువ, జిగురు నెగ్గుతుంది. మందమైన పొర అయితే జిగురుకు శ్రమ ఎక్కువ.

ఇక ముక్కను తడపకముందే పొడిగా పెట్టి చూడాలి. వెనుక కాగితం తీయకుండా, ముక్కను రేకు మీద ఉంచి మాస్కింగ్ టేపుతో నిలబెట్టాలి. తలుపులు మూసి, నాలుగు బారలు వెనక్కి వెళ్ళి చూడాలి. కొలబద్ద అబద్ధం చెప్పదు గాని, పాత కారు రేకులే ఒకదానికొకటి సరిగా ఉండవు. తలుపు మీద గీత రేకు మడతకు సమాంతరంగా ఉండి, మడ్‌గార్డు మీది గీతతో కలవకపోవచ్చు. అప్పుడు కొలతను పక్కనపెట్టి కంటినే నమ్మాలి. చారను చూచేవారెవరూ బద్ద పట్టుకొని రారు కదా. కుదిరిన చోట టేపు ముక్కలతో గుర్తులు పెట్టుకొని, మొదట తలుపు ముక్కతో ప్రారంభించి ముందుకూ వెనక్కూ సాగడం తేలిక. రెండు వైపులా తేడా పంచుకోవచ్చు.

తరవాత పని త్వరగానే సాగుతుంది. ముక్కను బల్లమీద తలకిందులుగా పెట్టి, వెనుక కాగితం ఊడదీసి, జిగురును పూర్తిగా తడపాలి. రేకునూ తడపాలి. ఇద్దరు మనుషులు చెరొక కొస పట్టుకొని, గుర్తులకు ఆనించి జరుపుకోవాలి. పై కాగితం మీదుగా స్క్వీజీ లాగాలి. పై కాగితం తీసే సమయం మాత్రం ఓర్పుకు పరీక్ష. నీరు గెంటిన వెంటనే లాగితే చార కూడ కాగితంతో లేచివస్తుంది. ఎందుకంటే ఆ క్షణాన కాగితపు జిగురు పొడిది, చార జిగురు ఇంకా తడిది. పావుగంట, అరగంట ఆగి, ఒక మూల లేపి చూడాలి. చార కదిలితే మళ్ళీ ఒత్తి ఆగాలి. తీసేటప్పుడు కాగితాన్ని పైకి ఎత్తరాదు. దాని మీదికే మడిచి, రేకుకు సమాంతరంగా వెనక్కి లాగాలి. పైకి ఎత్తితే బలమంతా చారను రేకునుంచి విడదీసే దిక్కున పనిచేస్తుంది.

తలుపు సందు దగ్గర చారను అరసెంటీమీటరు ఎక్కువ ఉంచి, లోపలికి మడిచి అదమాలి. కత్తితో రేకు మీదనే కోస్తే రంగు తెగి, అక్కడనుంచి తుప్పు మొదలవుతుంది. మిగిలిపోయిన బుడగలను కత్తితో చీల్చకండి. సన్నని సూదితో బుడగ అంచున గుచ్చి, వేలితో సూది రంధ్రంవైపు ఒత్తితే గాలి పోతుంది. నీటి బుడగలకు అదీ అక్కరలేదు. చాలావరకు వారం తిరిగేసరికి అవే పోతాయి.

ఒక మాట ఇక్కడ చెప్పాలి. చార అంటించాక దానిపై గాజువలె మెరిసే పారదర్శకమైన రంగుపూత కొట్టించి, అంచు తగలకుండా చేసే అలవాటు కొందరికి ఉన్నది. చూడటానికి అందంగానే ఉంటుంది. కాని కార్ఖానా నుంచి వచ్చిన బాస్ 302 చార మీద గోటితో రాస్తే అంచు తగిలేది. అంతేకాక, పూత కింద పడిన పొర రేపు బిరుసెక్కినప్పుడు దాన్ని తీయడానికి రంగంతా గీకవలసి వస్తుంది. పాతకారును పాతగా నిలుపుకోవాలనుకొనేవారికి అంచు తగలడం లోపం కాదనే నేననుకొంటాను.

మొదటి 24 గంటలు కారును నీడలో కదలకుండా ఉంచాలి. ఆ సమయంలో జిగురు లోయలలోకి దిగే పనిలో ఉంటుంది. వారం వరకు కడగరాదు. ఆ తరవాత కడిగినా, పైపుతో జోరుగా వచ్చే నీటిని చార అంచుకు ఎదురుగా కొట్టకూడదు. నీటిని అంచు వెంబడి జారనివ్వాలి. మైనం పట్టించేటప్పుడు చార మీదికి రానీయక, దాని అంచు దాకా వచ్చి ఆపాలి. మైనంలోని ద్రావణి అంచు కింద దూరితే జిగురు అక్కడనుంచే మెత్తబడటం ఆరంభిస్తుంది. ఆరు నెలలకొకసారి తలుపు సందుల దగ్గర, బానెట్ వంపు దగ్గర వేలితో తడిమి చూచి, ఎక్కడైనా అంచు లేచి ఉంటే ధూళి చేరకముందే వెచ్చజేసి అదిమితే అది మళ్ళీ కూర్చుంటుంది. ధూళి చేరాక కూర్చోదు.